కాగితంలో మాట వాడకుండా చెప్పు

మా మేనత్త పోయిందని తెల్లవారుతుండగా వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. అనంతపురంలో మొదటి బస్సు ఎక్కి, గార్లదిన్నె దాటాక మా ఊరి మలుపులో దిగాను. ఆసుపత్రి నుంచి ఆమె శరీరం ఇంకా ఇంటికి చేరలేదు. ఫ్లెక్సీ మాత్రం చేరింది. కరెంటు స్తంభానికి కట్టిన ఆ ఫ్లెక్సీలో మేనత్త నవ్వుతోంది. ఆమె వెనక సోలార్ పలకలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. కింద పెద్ద అక్షరాలతో 'దార్శనికురాలు' అనీ, 'ఆమె కల: హరిత నైపుణ్య కేంద్రం' అనీ రాసి ఉంది. ఒక మూలన కంపెనీ గుర్తు.

అంత పొద్దున్నే దాన్ని ఎవరు అచ్చు వేయించారు? అంత తీరైన ఫొటో ఎవరిచ్చారు? ఆమె ఇంకా ఊపిరి పీలుస్తుండగానే ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని ఆమె వెనక పలకలు అతికించారా? చావింటికి పోయే మనిషి ఇలాంటి ప్రశ్నలు వేసుకోకూడదంటారు. నేను వేసుకున్నాను. వేసుకోవడం నాకు నేర్పింది ఆ ఫ్లెక్సీలో నవ్వుతున్న మనిషే.

ఆమె మా నాయనకు చెల్లెలు. క్రైస్తవ మిషను బడిలో పంతులమ్మగా చేసి, రిటైరయ్యాక మా ఊరి చెనక్కాయ, అంటే వేరుశనగ, రైతుల సంఘానికి కార్యదర్శి అయింది. సంఘం అంటే పెద్ద వ్యవహారమేమీ కాదు. ఒక నూనె మిల్లు, దాన్ని ఆనుకొని కాయలు ఎండబెట్టుకునే ఉమ్మడి కళ్లం, ఆ వెనక విత్తనం కోసం కాయ పండించే చేను. అంతే. సభ్యుల్లో కాస్త భూమి ఉన్నవాళ్లున్నారు, ఏమీ లేక కూలికి పోయే ఆడవాళ్లున్నారు. చర్చికి పోయేవాళ్లున్నారు, గుడికి పోయేవాళ్లున్నారు. వాన ఎగ్గొట్టిన ఏడు అందరూ కలిసి ఒకే ఆకాశాన్ని తిట్టేవాళ్లు.

ఇప్పుడు ఒక కరెంటు కంపెనీ ఆ కళ్లాన్నీ, ఆ చేనునీ కౌలుకు అడుగుతోంది. అక్కడ సోలార్ పలకలు పరుస్తుంది. బదులుగా ఊరి పిల్లలకు ఒక శిక్షణ కేంద్రం పెట్టి, దానికి మా మేనత్త పేరు పెడుతుంది. మేనత్త కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక జరిగిన మర్నాడే సంఘం సర్వసభ్య సమావేశం పెట్టారు. కన్నీళ్లు ఆరకముందే చేతులెత్తించాలన్న తొందర ఎవరిదో నాకు తెలియదు గానీ, తొందర ఉందన్నది మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తూనే ఉంది.

ఆమెను గురించి రాయాలంటే ముందు ఇద్దరితో పోట్లాడాలి. మొదటివాళ్లు కంపెనీ వాళ్లు. వాళ్ల దృష్టిలో ఆమె 'మార్పును ఆహ్వానించిన మహిళ'. రెండోవాళ్లు నా అభ్యుదయ మిత్రులు. సోలార్ అన్న మాట వినగానే వాళ్లకు ఒళ్లు మండుతుంది. మీ అత్త మొదటినుంచీ కంపెనీల పక్షమే కదా అని ఒక మిత్రుడు నా మొహం మీదే అన్నాడు. ఇద్దరూ ఆమెను చూడలేదు. ఒకరు మార్పును చూశారు, ఇంకొకరు కంపెనీని చూశారు.

ఆమె మార్పుకు అడ్డం పడిన మనిషి కాదు. డీజిల్ ఇంజను పొగ పీల్చి మిల్లులో పనిచేసే ఆడవాళ్లు దగ్గుతుంటే, దాన్ని పీకించి కరెంటు మోటారు పెట్టించింది. కరెంటు ఇష్టం వచ్చిన వేళకు వచ్చి పోతుంటే, మిల్లు కప్పు మీద సంఘం సొంతంగా సోలార్ పలకలు వేయించింది. బస్తాలు పెట్టే గదిలో సగం ఖాళీ చేయించి కంప్యూటర్లు తెప్పించింది. అయితే ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేది. "అంతా బాగుండాదిలేప్పా. స్విచ్చి ఎవురి చేతిలో ఉండాది?"

మోటారు అమ్మేవాణ్నీ అడిగింది, కంప్యూటరు అమ్మేవాణ్నీ అడిగింది. ఒకాయన నిజంగా స్విచ్చి ఎక్కడుందో గోడమీద చూపించాడట. మేనత్త ఆయనకు టీ ఇప్పించి, మళ్లీ మొదటినుంచి అడిగిందట.

సంఘానికి వచ్చిన ప్రతి బస్తాలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూడటం ఆమె అలవాటు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. చర్చిలో ప్రసంగం సాగుతున్నప్పుడు కూడా చేతిసంచిలోంచి కాయ తీసి చెవి దగ్గర పెట్టుకునేదని పాస్టరుగారు ఆదరణ కూడికలో చెప్పి అందరినీ నవ్వించారు. తన ప్రసంగం ఎండిందా లేదా అని చూస్తోందేమోనని ఆయనకు అనుమానం వచ్చేదట.

అనుమానం అన్నాను కాబట్టి, ఆమె అనుమానం తప్పిన కథ కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది కూడా ఫ్లెక్సీ అవుతుంది.

మిల్లు కప్పు మీద పలకలు బిగించిన రోజు ఊరంతా వచ్చింది. కొత్త వస్తువు వచ్చాక ఊరుకుంటామా? పూజారి నిచ్చెన ఎక్కి, ప్రతి పలకకూ గంధం పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్లు అన్నిటి మీదా చల్లాడు. పాస్టరుగారు వెనకబడతారా? ఆయనా ఎక్కి ప్రార్థన చేసి, ఒక్కో పలకకూ బొటనవేలితో నూనె రాశారు. కింద చెనక్కాయలు ఒలిచే మిషన్ ఆడుతోంది. ఆ మిషన్ దుమ్ము ఎంతదో చూసినవాళ్లకే తెలుసు. పొట్టు లేచి కప్పు మీదికి పోతుంది. టెంకాయ నీళ్లు, గంధం, నూనె ఆరి జిగురైన చోటల్లా ఆ పొట్టు చక్కగా పరుచుకుంది.

కొన్నాళ్లకు మధ్యాహ్నం వేళ కూడా మోటారు నీరసంగా తిరగడం మొదలైంది. మేనత్త పలకలు అమ్మినవాళ్లనే అనుమానించింది. పాతవి తెచ్చి కొత్తవని అంటగట్టారంది. గుత్తికి పోయి, అమ్మినవాళ్ల కొట్టు ముందు కుర్చీ వేయించుకుని, ఇంజనీరును తోడిస్తే గాని లేవనంది. వాళ్లు పంపారు. ఆ ఇంజనీరు కప్పెక్కి, ఒక పలక మీద వేలు పెట్టి గీసి, ఆ వేలు తెచ్చి మేనత్తకు చూపించాడు. ఇది నూనేనా అమ్మా అని అడిగాడు.

"నూనె మాదప్పా. టెంకాయ నీళ్లు వాళ్లవి," అంది మేనత్త.

తర్వాతి సమావేశంలో ఆమే లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇంకొకరైతే దాన్ని గుట్టుగా కడిగించేసేవాళ్లు. గోడ దగ్గర నిలబడి ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "నేను తప్పు చేయనోళ్లను అనుమానించినా. అనుమానించడం తప్పు కాదు. పైకెక్కి చూడకుండా అనుమానించడం తప్పు."

నాలాంటివాళ్లకు ఈ మాట ఇబ్బందిగా ఉంటుంది. మాకు కింద నిలబడి అనుమానించడమే బాగా వచ్చు.

ఇక ఆమె పెట్టిన అసలు పద్ధతి. బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు, సంఘంలో ఏ తీర్మానం వచ్చినా చేతులెత్తే ముందు సభ్యుల్లో ఒకరు లేచి దాన్ని తిరిగి చెప్పాలి. ఒక షరతుంది. కాగితంలో ఉన్న మాట ఒక్కటీ వాడకూడదు. సొంత మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే తీర్మానం ఆ రోజుకు ఆగిపోతుంది. చెప్పలేకపోయినవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు. తప్పు కాగితానిది అనుకోవాలి, మనిషిది కాదు.

ఒకసారి నగరం నుంచి సంస్థల్ని బాగుచేసే నిపుణులు వచ్చారు. మిల్లు గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. మారుతున్న సాంకేతికతకు అనుగుణంగా సంస్థాగత వ్యూహాత్మక పరివర్తన అన్నారు. డిజిటల్ ఉనికి అన్నారు. చాలా సేపు అన్నారు. వాళ్లు ముగించాక, మేనత్త తాను పెద్దవాళ్లకు సాయంత్రాలు నడిపే బడిలో చదువుకుంటున్న ఒక రైతును లేపి చెప్పమంది. అతనికి ఆ విద్య బాగా వచ్చు.

"మన మిల్లు ముసల్దయిపోయిందంట," అని మొదలుపెట్టాడు. "దాన్ని పెండ్లికూతురు మాదిరి ముస్తాబు చేసి ఫోన్లో చూపిస్తారంట. చూసినోళ్లు నూనె కొంటారంట. కాయ పండని ఏడు ఏం చూపిస్తారో అది మాత్రం చెప్పలా."

సభలో నవ్వు లేచింది. నిపుణుల్లో ఒకాయన కూడా నవ్వాడు, పాపం. కానీ ఆ పథకాన్ని సంఘం తోసిపారేయలేదు, ఈ సంగతి నా మిత్రులు గమనించాలి. ఫోన్లో నూనె అమ్మడం మొదలుపెట్టింది. కాయ వచ్చిన నెలల్లో మాత్రమే అమ్ముతుంది. లేని నెలల్లో 'ఇప్పుడు నూనె లేదు, కాయ రావాల' అని రాసి పెడుతుంది. అలా రాసి పెట్టే కొట్టు ఇంకొకటి ఉంటే నాకు చూపించండి. సంఘాలు కాలానికి తగ్గట్టు మారడం మీద పుస్తకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మారడం అంటే ఎవరో తెచ్చిన కొలతకు మనల్ని కత్తిరించుకోవడం కాదని 'కాయ రావాల' అన్న ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆ రైతే ఇప్పుడు సంఘం అధ్యక్షుడు.

సమాధుల దొడ్డిలో మట్టి వేసి వస్తుంటే అతని పక్కన నడిచాను. ఫ్లెక్సీ ఎవరు కట్టించారని అడిగాను. కంపెనీ వాళ్లేనన్నాడు. ఫొటో ఎవరిచ్చారని అడిగాను.

"నేనే ఇచ్చినా అన్నా. ఆయమ్మ ఆసుపత్రిలో ఉండంగానే ఇచ్చినా. సెంటరు బోర్డుకని అడిగినారు. చావుకని ఎవురడిగినారు?"

నేను నమ్మలేదు. సగం నమ్మాను, అదింకా చెడ్డది. నువ్వు అమ్ముడుపోయినావా అప్పా అని అడిగేశాను. ఆ మాట సమాధుల మధ్య అడగాల్సింది కాదు. అతను ఆగి, చెప్పు విదిలించి, మట్టి రాల్చుకున్నాడు.

"అనుమానించు అన్నా. అది నీకూ నాకూ ఆయమ్మే నేర్పించింది. అయితే ఒకటి చెప్పు. నా కొడుకు డిప్లొమా చేసి పక్క ప్లాంటులో పలకల కింద గడ్డి కోస్తాండాడు. నువ్వు టౌన్లో కూచొని రాస్తావు. నేను రోజూ వాని మొగం చూసి కూడు తినాల. ఈడ కాయ లేదు, ఆడ పని లేదు. నేనేం చేయాల?"

నాకు కోపం వచ్చింది. కోపం జవాబు కాదు. మా చుట్టూ మెట్టల మీద ఎటు చూసినా పలకలు, గాలిమరలు. దేశానికంతా కరెంటు ఇక్కడినుంచే పోతున్నట్టు ఉంటుంది. మా పిల్లలకు మాత్రం అక్కడ దొరికింది గడ్డి కోయడం, పలకలు కడగడం, గేటు దగ్గర కుర్చీ. చదువు మారింది, పని మారింది, రెండూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా మారాయి. దీని మీద మేనత్తకు ఉన్న మంట నా మంట కన్నా పెద్దది. మా పిల్లోళ్లకు మీటరు చూడటం నేర్పరు, చీపురు పట్టుకోవడం నేర్పుతారు అని తిట్టేది.

అందుకే, ఆ రాత్రి కాదు గానీ మర్నాడు పొద్దున, వాళ్ల అమ్మాయిని అడిగాను. మిల్లులో నూనె తీసే పని చూసేది ఆమే, సంఘంలో సభ్యురాలు కూడా. మీ అమ్మ నిజంగా దీనికి ఒప్పుకుందా అని అడిగాను. ఒప్పుకోలేదని ఆమె చెబుతుందని, ఆ మాట పట్టుకుని సభ్యుల చేత సమావేశంలో దుమ్ము లేపించవచ్చని నా ఆశ.

ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. "ట్రైనింగు సెంటరు కావాలనింది బావా, అది నిజమే. కంపెనీని మొదట పిలిపించిందే అమ్మ. కళ్లం ఇస్తాననలా. ఇయ్యననీ అనలా. మీటింగులో ఎవురన్నా సొంత మాటల్లో చెప్తే విని చూద్దాం అనింది."

నా చేతిలోని ఆయుధం అక్కడే విరిగింది. చనిపోయిన మనిషిని ఫ్లెక్సీ వాళ్లు తమవైపు లాక్కుంటున్నారని మండిపడుతూ, నేను కూడా ఆమె చేయి పట్టుకుని నావైపు లాగుతున్నాను. ఆమె ఏ వైపూ రాకుండానే పోయింది. ఆమె ఆగిన చోటే ఊరు కూడా నిలబడి ఉంది.

సమావేశం మిల్లు ముందరి కళ్లంలోనే జరిగింది. షామియానా వేశారు. నేను సభ్యుణ్ని కాదు కాబట్టి మాట్లాడే హక్కు లేదు, గోడకు ఆనుకొని కూర్చున్నాను. కంపెనీ తరపున వచ్చిన యువకుడు మర్యాదస్తుడు. మేనత్త ఫొటోకు దండ వేసి, చెప్పులు విప్పి మరీ నమస్కారం పెట్టాడు. మర్యాదను అనుమానించడం కష్టం, అందుకే దాన్ని ముందు పంపుతారు.

అధ్యక్షుడు తీర్మానం చదివాడు. గొంతు బాగానే ఉంది. చదివి మడిచి, ఆయమ్మ పేరు నిలబెట్టడానికి అందరూ చేతులెత్తాలని కోరాడు. ముందు వరసలో చేతులు లేవడం మొదలైంది. ఏడుస్తూనే ఎత్తుతున్నారు. ఆమె పేరు చెబితే వాళ్లు దేనికైనా ఎత్తుతారు. ఆమె పేరు వాడుకుంటున్నది కూడా అందుకే.

అప్పుడు ఆమె కూతురు లేచింది.

"అన్నా, ఇంకా ఎవురూ చెప్పలేదే."

ఈ ఒక్కసారికి వద్దులేమ్మా, అందరికీ తెలిసిందే కదా అన్నాడు అధ్యక్షుడు.

"తెలిసిందే అయితే నువ్వే చెప్పు. నీ అంత బాగా చెప్పేటోళ్లు లేరని అమ్మ అనేది."

అతను కాగితం వైపు చూశాడు. చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు. పద్ధతి ప్రకారం అలాగే చేయాలి. కాసేపు పైకి చూసి, మొదలుపెట్టాడు.

"ఈ జాగా వాళ్లకిస్తాము. ఆ వెనక విత్తనం చేను కూడా. మన మనవళ్లు ముసలోళ్లయ్యేదంకా అది వాళ్లది. వాళ్లు మనకు ఏటేటా ఇచ్చేది ఇస్తారు. అది బాగుండాది, అబద్ధం చెప్పను." ఆగాడు. "కాయలు ఈడ ఎండబెట్టం. యాడ ఎండబెడతామంటే..." మళ్లీ ఆగాడు. "యాడో ఒకచోట. విత్తనం కొనుక్కుంటాము. కాయ ఎండకపోతే మిల్లుకు రాదు. మిల్లుకు రాకపోతే..."

కంపెనీ యువకుడు లేచి, ఆ అంశానికి అనుబంధంలో ప్రత్యామ్నాయం సూచించారని మెల్లగా అందించబోయాడు. ముందు వరసలో ఒక ముసలావిడ అతనివైపు తిరిగింది. నువ్వు కూచో నాయనా, ఆయప్పను చెప్పనీ అంది. అతను కూర్చున్నాడు.

"సెంటరు పెడతారు," అన్నాడు అధ్యక్షుడు. ఇప్పుడు గొంతు తగ్గింది. "పిల్లోళ్లకు నేర్పుతారు. ఎన్నాళ్లు నేర్పుతారంటే, వాళ్లకు ఇష్టమున్నన్నాళ్లు. నేర్చుకున్నోనికి పనిస్తామని..."

నోటికి రాని మాటను కాగితంలో వెతుక్కుంటున్నట్టు అతని చేయి జేబు దాకా పోయి ఆగింది. అతను ఆ కాగితాన్ని పదిమందికీ చదివి వినిపించినవాడే. కానీ తన మాటల్లో చెప్పుకున్నది ఇప్పుడే. నేను అతన్ని అమ్ముడుపోయినవాడు అన్నాను. అమ్ముడుపోయినవాడి మొహం అలా ఉండదు.

"పనిస్తామని యాడా లేదు," అన్నాడు. "నా కొడుక్కి పని వస్తాదనుకున్నా. యాడా లేదు."

కుర్చీలో కూర్చున్నాడు. తీర్మానం ఆగింది.

దీన్ని గెలుపు అని రాయను. అలా రాసేవాళ్లను కూడా నమ్మకండి. ఆ రోజు నిర్ణయమైంది ఇంతే. శిక్షణ కావాలి, పని మాట కాగితంలోకి రావాలి, కళ్లం వదిలి కంపెనీ వేరే చోటు చూసుకోవాలి. ఇవి అడిగి రమ్మని అధ్యక్షుణ్నే పంపుతున్నారు. వాళ్లు ఒప్పుకుంటారా? నాకు అనుమానమే. ఇంకా తెలివైన మాటలతో ఇదే తీర్మానం ఇంకో కాగితం మీద వస్తుంది. ఇంకో ఏడు వాన ఎగ్గొడుతుంది. అప్పుడు ఆకలిగా ఉన్నవాళ్లను సొంత మాటల్లో చెప్పమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? మేనత్త ఉన్నప్పుడు ఆ ధైర్యం ఆమె పని అని ఊరుకున్నాం. ఇప్పుడు అది ఎవరి పనో తేల్చుకోవాలి.

సమావేశం ముగిసిందన్నా ఎవరూ లేవలేదు. షామియానా కింద నలుగురైదుగురుగా కూడి ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అది కాదక్కా, నేను చెప్తా విను అని ఒకరు. నువ్వు కాయితం మాట వాడినావు, మళ్లీ చెప్పు అని ఇంకొకరు. ఒకాయన మట్టిలో కట్టెపుల్లతో కళ్లం గీస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు అతని గీతను కాలితో చెరిపి, అట్ల కాదు ఇట్ల అని సరిచేస్తున్నారు. అధ్యక్షుడు వాళ్ల మధ్యకు పోయి గొంతుక్కూర్చున్నాడు. మేనత్త కూతురు పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని వచ్చి, ఒక్కో గుంపు పక్కన దించుతూ పోయింది. ఎవరూ చేయి చాపలేదు. మాటలు నడుస్తూనే ఉన్నాయి, గ్లాసుల్లో టీ మీద సన్నగా మీగడ కడుతోంది.